నడిచే మనిషికీ ఒక పటం

(మిక్స్‌డ్ యూజ్ సముదాయాలకు అనుమతులిచ్చే పట్టణ ప్రణాళికా అధికారులకు బహిరంగ లేఖ)

ఆర్యా,

ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు ఒకేచోట కట్టే పెద్ద సముదాయం ఫైలు మీ బల్ల మీదికి వస్తే అందులో ఏయే పటాలుంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఫైరింజను ఏ మూలలో ఎంత వ్యాసార్థంతో తిరుగుతుందో చూపే పటం ఉంటుంది. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు వాలు ఎంతో, ఒక్కో అంతస్తులో ఎన్ని కార్లు పడతాయో, చెత్త బండి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చూపే పటాలుంటాయి. చెట్లు, గడ్డి ఎక్కడో చూపుతూ ఆకుపచ్చ రంగు పూసిన ల్యాండ్‌స్కేప్ పటం ఒకటి, దాని అడుగున ఖాళీ స్థలం ఇంత శాతమని ఒక లెక్క. ఇవన్నీ ఉండాల్సినవే. ఫైరింజను తిరగకపోతే ప్రాణాలు పోతాయి, కాదనను.

జనం చూడటానికి పెట్టిన పటాలు నేనూ కొన్ని తిరగేశాను. బస్సు దిగిన మనిషి ఆ సముదాయంలోకి ఎటు నుంచి నడిచి వస్తాడు, కార్ల దారిని ఎక్కడ దాటుతాడు, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుంది, మోకాళ్లు నొప్పి పుడితే ఎక్కడ కూర్చుంటాడు, అవతలి వీధికి ఎలా బయటపడతాడు? ఇది చూపే పటం నాకు ఒక్కదాంట్లోనూ కనబడలేదు. కారుకున్న పటం మనిషికి లేదు. ఆ ఒక్క పటం అడగండని కోరడానికే ఈ ఉత్తరం.

అసలు మిక్స్‌డ్ యూజ్ అన్న మాట ఎందుకు పుట్టింది? ఇంటికీ పనికీ అంగడికీ మధ్య దూరం తగ్గాలని. కింద దుకాణం, మీద ఇల్లు, పక్క సందులో పనిచోటు, ఇలా ఉండటం పాత ఊళ్లలో మామూలే. దానికి పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో, ఏ ప్రాంతంలో ఏం కట్టాలో చెప్పే జోనింగ్ నిబంధనలు వచ్చి ఇళ్లను ఒకవైపుకీ కొలువులను మరోవైపుకీ తోసేశాయి, మధ్యలో వాహనాలు చేరాయి. ఇప్పుడు మళ్లీ కలుపుతున్నాం, మంచిదే. ఎత్తు పెంచుకోవడానికీ అంతస్తులు కలుపుకోవడానికీ బిల్డరు మీకు చెప్పే మొదటి కారణం కూడా ఇదే కదా, ఇక్కడి వాళ్లు అన్నిటికీ నడిచే పోతారని! మరి ఆ నడక ఎక్కడ? ఇళ్లను, దుకాణాలను తిరిగి తెచ్చుకున్నాం గానీ వాటి మధ్య ఉండాల్సిన వీధిని తెచ్చుకోలేదు. వీధి లేకుండా అన్నీ ఒకచోట పేరిస్తే అయ్యేది రద్దీ.

నేను రోజూ దాటుకుంటూ పోయే సముదాయం ఒకటుంది. పేరెందుకు గానీ, బ్రోషర్‌లో దాన్ని ఉద్యానవనం అన్నారు. ఒక ఆదివారం టేపు పట్టుకొని వెళ్లి ఆ ఉద్యానవనం ఎక్కడుందో వెతికాను. ప్రహరీ పొడవునా జానెడు వెడల్పున పొదల వరస కొంత. ర్యాంపుకీ గోడకీ మధ్య ఎటూ పనికిరాక మిగిలిపోయిన త్రికోణాలు కొంత. కార్లు మనుషుల్ని దించి తిరిగిపోయే గుండ్రటి దారి (డ్రాప్ ఆఫ్) నడుమ గడ్డి కొంత, అక్కడికి చేరాలంటే కార్లకు అడ్డం పడి వెళ్లాలి. అసలైన తోట మూడో అంతస్తులో, టవర్ల అడుగున ఉండే వెడల్పాటి కట్టడం (పోడియం) కప్పు మీద ఉంది, లోపలికి వెళ్లడానికి కార్డు గీకాలి. కింద నేల మీద కూర్చోవడానికి ఏదో ఒకటి కొన్నవాళ్లకే కుర్చీ. బెంచీ ఒక్కటీ లేదు. ఉన్న గడ్డి దగ్గర 'నడవరాదు' అన్న బోర్డు మాత్రం ఉంది. ఇవన్నీ కలిపి కూడితే శాతం సరిపోతుందనే అనుకుంటాను. సరిపోకపోతే మీరు సంతకం పెట్టి ఉండరు. ఇందులో మోసం ఉందని నేననడం లేదు. ప్రశ్న తప్పుగా అడిగారు, అడిగిన ప్రశ్నకు బిల్డరు సరిగ్గానే జవాబిచ్చాడు.

ఈ తప్పు మీకంటే ముందు పెద్ద నగరాలే చేశాయి. న్యూయార్క్ కథ మీకు తెలిసే ఉంటుంది. అక్కడ 1958లో సీగ్రమ్ భవనం కట్టారు. ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో తన భవనాన్ని రోడ్డు అంచు నుంచి వెనక్కి జరిపి ముందు పెద్ద ఖాళీ ఆవరణ, అంటే ప్లాజా, వదిలాడు. జనానికి అది నచ్చింది. అలాంటివి మరిన్ని కావాలని 1961 జోనింగ్ నిబంధనల్లో ఒక ఎర పెట్టారు. ప్లాజాకు ఒక చదరపు అడుగు వదిలితే, బాగా ఒత్తుగా కట్టే ప్రాంతాల్లో భవనంలో 10 చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చు. బిల్డర్లు ఎగబడ్డారు. 2000లో జెరాల్డ్ కేడెన్ అనే పరిశోధకుడు నగర ప్రణాళికా విభాగంతో కలిసి లెక్క తీస్తే 320 భవనాల దగ్గర ఇలాంటి స్థలాలు 503 తేలాయి. అందులో నూటికి 41 దాదాపు ఎవరికీ పనికిరానివి. గాలి కొట్టే బండల మైదానాలు, లోడింగ్ దారులు, తాళం వేసిన మూలలు. నిబంధన విస్తీర్ణం అడిగింది, విస్తీర్ణం వచ్చింది. సీగ్రమ్ ముందు జనం కూర్చున్నది మెట్ల మీద, అంచు గోడల మీద. తర్వాత కట్టినవాళ్లలో చాలామంది ఆ ఖాళీని మాత్రం పట్టుకున్నారు, కూర్చునే అంచును వదిలేశారు.

ఎందుకిలా అయిందో కనిపెట్టడానికి విలియం వైట్ అనే ఆయన 1970ల్లో ఆ ప్లాజాల్లో కెమెరాలు పెట్టి జనాన్ని గమనించాడు. ఎండ ఎంత, ఆకారం ఏమిటి, విస్తీర్ణం ఎంత అని రకరకాలుగా పోల్చి చూసి చివరికి ఆయన తేల్చింది వింటే నవ్వొస్తుంది. కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు, అంతే. దీనికి కెమెరాలెందుకు అంటారా? నిజమే, కానీ ఆ మాత్రం సంగతి అప్పటిదాకా నిబంధనల్లో లేదు. 1975లో వాటిని సవరించి ఎంత ప్లాజాకు ఎంత పొడవు కూర్చునే చోటు ఉండాలో, చెట్లెన్ని ఉండాలో రాశారు. పద్నాలుగేళ్లు పట్టింది. ఈలోగా కట్టేసిన భవనాలను ఎవరూ వెనక్కి తిప్పలేకపోయారు.

అదే నగరంలో పేలీ పార్కు ఉంది. 1967లో తెరిచారు. మొత్తం 390 చదరపు మీటర్లు. మీ దగ్గరికొచ్చే సముదాయాల్లో డ్రాప్ ఆఫ్ దారే అంతకంటే పెద్దదిగా ఉంటుంది. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఫుట్‌పాత్‌కు పూర్తిగా తెరిచి ఉంటుంది. నాలుగు మెట్లు ఎక్కితే పార్కులో ఉంటారు, లేదా బయట నిలబడే లోపల ఏం జరుగుతోందో చూసి వెళ్లిపోతారు. వెనక గోడ మీద నుంచి జారే నీళ్ల చప్పుడులో రోడ్డు మోత మునిగిపోతుంది. తల మీద పలచటి ఆకుల చెట్లు. కుర్చీలు నేలకు బిగించలేదు, ఎవరికి కావాల్సినచోటికి వాళ్లు జరుపుకోవచ్చు. కుర్చీని రెండడుగులు జరుపుకొని కూర్చోవడంలో ఒక చిన్న అధికారం ఉంది, ఈ చోటు కాసేపు నాది అన్నట్టు. కుర్చీలు ఎత్తుకుపోరా అని మీటింగుల్లో తప్పకుండా ఎవరో అడుగుతారు. న్యూయార్క్‌లోనే ఉన్న బ్రయంట్ పార్కులో వేలాది విడి కుర్చీలు ఏళ్ల తరబడి ఉన్నాయి. అంతకుముందు ఆ పార్కు చుట్టూ పొదల గోడలుండేవి. లోపల ఏముందో వీధికి కనబడేది కాదు, భయపడి జనం వెళ్లేవారు కాదు. పొదలు తీసేసి, దారులు పెంచి 1992లో తిరిగి తెరిచాక జనంతో నిండిపోయింది. వీధి నుంచి కనబడేలా, నడిచి చేరేలా చేశారు.

ఇక్కడ ఎత్తు గురించి ఒక మాట. స్థలం ఖరీదైనది గనుక తోటను పైకి ఎక్కిద్దాం అన్న వాదన మీ దగ్గరికి తరచుగా వస్తుంది. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం అలాగే వచ్చింది. దాని ఎత్తు 160 మీటర్లు. అంత ఎత్తు భవనానికి అది తగిన చోటు కాదన్న అభ్యంతరాలుండగా, పైఅంతస్తుల్లో అందరికీ తెరిచి ఉండే తోట ఇస్తామన్నది దానికి అనుకూలమైన వాదనల్లో ఒకటి. 2015లో తోట తెరిచారు. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ మామూలుగా ముందే సమయం బుక్ చేసుకోవాలి, కింద తనిఖీ దాటాలి, లిఫ్టు ఎక్కాలి. పార్కు అంటే పని మీద పోతూ పోతూ దారిలో పది నిమిషాలు ఆగే చోటు. ముందే రోజు, గంట ఖాయం చేసుకొని వెళ్లేదాన్ని సందర్శన అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్న ప్రతి 'ప్రజా' తోటలోనూ అదే జరుగుతుంది. పటంలో ప్రజలకు అన్న మాట ఉంటుంది, గేటు దగ్గర నిలబడిన మనిషికి మీరెవరు అన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఎత్తు మీద తోట అంటేనే నాకు పడదనుకోకండి. జపాన్‌లోని ఫుకుఒకాలో 1995లో కట్టిన ఆక్రోస్ భవనం చూడండి. పక్కనే ఉన్న పార్కు నేల నుంచే మెట్లుమెట్లుగా తోట పైకి లేస్తుంది. పార్కులో నడుస్తున్నవాడు కాలు తీసి మెట్టు మీద పెడితే భవనం మీదికి ఎక్కినట్టే. పచ్చని కొండవాలు ఎక్కుతున్నట్టుంటుంది. సింగపూర్‌లో కంపుంగ్ అడ్మిరల్టీ ఇంకో తీరు. వృద్ధుల ఇళ్లు, వైద్య కేంద్రం, దుకాణాలు, తోట అన్నీ ఒక చిన్న స్థలంలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. తోట పైనే ఉంది. కానీ అడుగున నేల మొత్తాన్ని ఎవరైనా వచ్చి కూర్చునే పెద్ద నీడ చావడిలా వదిలేశారు, అది రైలు స్టేషన్ పక్కనే. నడిచే మనిషికి మొదట దొరికేది ఆ చావడి, తోట ఆ తర్వాత. నేలను ఇచ్చాకే ఎత్తుకు వెళ్లారు. 2018లో ప్రపంచ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్ దాన్ని ఆ ఏటి మేటి భవనంగా ఎంచింది.

నేల వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలోని మినియాపొలిస్‌లో 1962 నుంచి భవనాల రెండో అంతస్తులను కలుపుతూ అద్దాల వంతెనలు వేసుకుంటూ పోయారు. అక్కడి చలికి అది హాయే. కానీ నడిచేవాళ్లూ వాళ్లతోపాటు దుకాణాలూ పైకి వెళ్లిపోయి కింద వీధి బోసిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ శివార్లలో 1960ల చివర కట్టిన బైల్మర్‌మేర్‌లో ఇంకా పట్టుదలగా చేశారు. కార్లకు ఎత్తు మీద రోడ్లు, మనుషులకు, సైకిళ్లకు కింద పచ్చిక నడుమ దారులు. కాగితం మీద పాదచారికి అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యలేదు! తీరా చూస్తే చీకటి పడ్డాక ఆ పచ్చిక దారుల్లో నడవాలంటే జనానికి భయం. చుట్టూ తలుపుల్లేవు, దుకాణాల్లేవు, చూసేవాళ్లు లేరు. 1990ల నుంచి రోడ్లలో చాలావాటిని మళ్లీ నేలకు దించి, పెద్ద భవనాల్లో కొన్నిటిని కూల్చి, మామూలు వీధులు వేసుకున్నారు. పచ్చదనం అక్కడ కావాల్సినంత ఉంది. నడిచే దారి పక్కన బతుకు లేదు.

అందుకే ల్యాండ్‌స్కేప్ పటాన్నీ నడక పటాన్నీ విడివిడిగా చూడొద్దంటున్నాను. ఒక కాగితం మీద రెండూ గీయిస్తే అబద్ధం దానంతటదే బయటపడుతుంది. తోట ఒక మూల, నడిచేవాళ్ల దారి మరో మూల ఉంటే వెంటనే కనబడుతుంది. తోటకు చేరే గీత మూడుచోట్ల కార్ల దారిని కోస్తే అదీ కనబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఇంటి నుంచి 300 మీటర్ల లోపు అర హెక్టారుకు తగ్గని పచ్చని స్థలం ఉండాలంటుంది. ప్రతి ఇంటి నుంచి మూడు చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి అని 2021లో నగరాల చెట్ల మీద పరిశోధన చేసే సెసిల్ కొనైనెండైక్ ఒక సూత్రం చెప్పాడు. చాలా నగరాలు దాన్ని పట్టుకున్నాయి. మంచి సూత్రమే, కానీ 300 మీటర్లను పటం మీద గీత గీసి కొలుస్తారా, కాళ్లతో కొలుస్తారా? మధ్యలో పొడవాటి ప్రహరీ ఒకటి అడ్డం వస్తే గీతలోని 300 మీటర్లు నడకలో కిలోమీటరు కావడానికి ఎంతో సేపు పట్టదు.

ప్రహరీ అంటే గుర్తొచ్చింది. పెద్ద స్థలాలను ఒకే కంచెలో కట్టడం వల్ల జరిగే నష్టం లోపలివాళ్లకంటే బయటివాళ్లకే ఎక్కువ. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున వీధికీ వీధికీ మధ్య దూరం 61 మీటర్లు. సాల్ట్ లేక్ సిటీలో ఆ దూరం 201 మీటర్లు. మొదటిదాంట్లో నాలుగడుగులు వేస్తే మరో మలుపు వస్తుంది, రెండోదాంట్లో ఎదురుగా కనబడే చోటుకే చుట్టు తిరిగి పోవాలి. ఎకరాల కొద్దీ సముదాయానికి అనుమతి ఇస్తున్నారంటే మీరు నిజానికి ఊరి వీధుల అల్లికను మార్చుతున్నారు. అందుకని స్థలం గుండా అడ్డంగా పోయే దారి మీద ఎవరైనా, ఏ వేళైనా నడిచే హక్కు అనుమతి పత్రంలోనే రాయాలి. తర్వాత బతిమాలితే వచ్చేది కాదది.

ఇప్పుడు మట్టి సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పటాల్లో అందరికంటే హాయిగా అబద్ధమాడేది చెట్టు బొమ్మే. కంప్యూటర్‌లో ఒక గుండ్రటి ఆకుపచ్చ బొమ్మను ఎక్కడ కావాలంటే అక్కడ దించొచ్చు. దాని కింద ఏముందో బొమ్మ చెప్పదు. చాలా సముదాయాల్లో పార్కింగ్ కోసం సెల్లార్‌ను స్థలం అంచుల దాకా తవ్వేస్తారు. అంటే పైన కనబడే తోట మొత్తం ఒక స్లాబు మీద పరిచిన తివాచీ. ఆ చెట్టు వేళ్లకు దొరికేది ఒక తొట్టె. పెద్ద నీడనిచ్చే చెట్టు పెరగాలంటే టొరంటో నగరం చెట్టుకు 30 ఘనపు మీటర్ల మట్టి అడుగుతుంది. అయిదు మీటర్లు పొడవు, ఆరు మీటర్లు వెడల్పు, మీటరు లోతు ఉన్న గొయ్యిని ఊహించండి, ఒక్క చెట్టుకు అంత. మీటరు లోతు తడిసిన మట్టి, చదరపు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల దాకా బరువు పడుతుంది. స్లాబు డిజైన్‌లో ఆ బరువును మొదటే లెక్కలోకి తీసుకోకపోతే, చివర్లో ల్యాండ్‌స్కేప్ వేసేవాళ్లకు మిగిలేది ఒక అడుగు మట్టి. అందులో గడ్డి బతుకుతుంది, పొట్టి పొదలు బతుకుతాయి, మర్రిలాంటి నీడ బతకదు. అయినా బ్రోషర్‌లో మర్రే ఉంటుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే కాబోలు.

మట్టి లేకపోతే వాన నీళ్లు ఇంకే చోటూ పోతుంది. అందుకని సెల్లార్‌ను ఎక్కడో ఒకచోట ఆపి, కింద భూమి దాకా మట్టి ఉన్న స్థలం కొంత వదలాలి. శాతం లెక్కలో దాన్ని పూర్తిగా, స్లాబు మీది తోటను అంతకంటే తక్కువగా లెక్కపెట్టండి. ప్రతి చెట్టు దగ్గరా నిలువుకోత గీయించి కింద మట్టి లోతు రాయించండి. ఇది అడిగిన రోజున సగం చెట్టు బొమ్మలు పటంలోంచి వాటంతటవే మాయమవుతాయని నా అనుమానం.

ఉన్న చెట్లు కూడా నడిచేవాడి మీద ఉండాలి. నీడ పడిన బండకూ ఎండ పడిన బండకూ మధ్య తేడా, మిట్టమధ్యాహ్నం వేడిలో, 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. అంత తేడా తెచ్చే వస్తువును తీసుకెళ్లి ఎవరూ అడుగు పెట్టని లాన్ మధ్య నాటడం ఎందుకు? ఫుట్‌పాత్ పొడవునా, దారి దాటేచోట ఆగి నిలబడే దగ్గర, బెంచీ మీద నీడ పడాలి. ఎత్తయిన టవర్లు పైనుంచి గాలిని కిందికి తోస్తాయి కూడా, మూలల దగ్గర మనిషి నిలబడలేనంతగా. నేను పైన చెప్పిన లండన్ భవనం దగ్గరా ఆ ఫిర్యాదులు వచ్చాయి. చెట్లు దాన్ని కొంత తగ్గిస్తాయి గానీ భవనం ఆకారం చేసిన తప్పును మొత్తం దిద్దలేవు.

ఫుట్‌పాత్ విషయంలో కోరేది చాలా చిన్నది. సముదాయంలోకి కార్లు వెళ్లే ప్రతి ద్వారం దగ్గరా ఫుట్‌పాత్ తెగిపోతుంది. నడిచేవాడు దిగాలి, దాటాలి, మళ్లీ ఎక్కాలి. చక్రాల కుర్చీ అయితే అక్కడే ఆగిపోవాలి. నెదర్లాండ్స్‌లో, డెన్మార్క్‌లో చాలాచోట్ల ఫుట్‌పాత్ అదే ఎత్తున సాగిపోతుంది, కారే మెల్లగా ఎక్కి దిగుతుంది. ఎవరు ఎవరి దారికి అడ్డమొచ్చారో కాంక్రీటే చెబుతుంది, బోర్డు అక్కర్లేదు. వాహనాల సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సముదాయం లోపలి దారులకు ఆ లెక్క వర్తించదనుకునే అలవాటు పోవాలి. పిల్లలు ఎక్కువగా తిరిగేది అక్కడే కదా.

దారి పక్కన గోడ ఉంటే ఎంత మంచి ఫుట్‌పాత్ అయినా తొందరగా దాటేయాలనిపిస్తుంది. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గెల్ కొలమానంలో బతికున్న వీధి అంటే 100 మీటర్లకు 15 నుంచి 20 తలుపులు. మన సముదాయాల నేల అంతస్తులో ఏముంటుంది? పార్కింగ్ జాలీలు, జనరేటర్ గది, ట్రాన్స్‌ఫార్మర్, పొడవాటి అద్దం. దుకాణాలున్నా వాటి ముఖం లోపలి కారిడార్ వైపు ఉంటుంది. నడిచేవాళ్ల కోసం తలుపులు వీధి వైపు తిప్పితే వ్యాపారం పోతుందని భయపడేవాళ్లకు కోపెన్‌హాగన్ స్ట్రోయె వీధి కథ చెప్పండి. 1962లో కార్లు ఆపేసినప్పుడు అక్కడి వ్యాపారులూ దుకాణాలు మూతబడతాయని గోల పెట్టారు. ఇప్పుడది నగరంలో పేరున్న అంగడి వీధి.

నడిచే మనిషి అని ఇంతసేపూ ఒక్కరి గురించి అన్నట్టు రాస్తున్నాను, కానీ అందరి నడకా ఒకటి కాదు. 1990ల్లో వియన్నాలో గమనిస్తే ఆడపిల్లలు తొమ్మిదేళ్లు దాటాక పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. ఉన్న ఒకే పెద్ద ఆటస్థలాన్ని మగపిల్లలు ఆక్రమిస్తే వాళ్లతో తగువు పడే బదులు వీళ్లు రావడమే మానేశారు. 1999 నుంచి కొన్ని పార్కుల్లో ఆటస్థలాన్ని విడి ముక్కలు చేసి, దారులు పెంచి, కూర్చునే చోట్లు కలిపి చూస్తే ఆడపిల్లలు తిరిగి వచ్చారు. గడ్డి శాతం అలాగే ఉంది, గీత మారింది. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు నడిచే ప్రాంతాల్లో 50 మీటర్లకు మించకుండా కూర్చునే చోటుండాలన్నాయి. మోకాళ్లు అరిగిన మనిషికి ఆ బెంచీ ఉంటేనే నడక ఉంటుంది. ఇక 2019లో లండన్‌లో ఒక సముదాయంలో తక్కువ అద్దె ఇళ్ల పిల్లలు మిగతా పిల్లలు ఆడుకునే చోటికి పోకుండా గోడలు, పొదలు అడ్డం పెట్టిన సంగతి బయటపడి పెద్ద రచ్చయింది. ఒకే సముదాయం, ఒకే పిల్లలు. పటంలో అది పచ్చ రంగే. ఆ పచ్చ ఎవరిదో రంగు చెప్పదు కాబట్టి మీరే అడగాలి.

కట్టేవాళ్ల వైపు నుంచి వచ్చే మాటలు నాకు తెలియనివి కావు. అందరికీ తెరిచిపెడితే నిర్వహణ ఎవరిది, భద్రత ఎవరిది అంటారు. నిర్వహణకు డబ్బు ఎవరు ఇస్తారన్నది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు అనుమతి ఇచ్చేముందే కాగితం మీద ఉండాలి. భద్రత మాట మాత్రం నేనొప్పుకోను. పొదల వెనక బ్రయంట్ పార్కు, తలుపుల్లేని బైల్మర్‌మేర్ దారులు చెప్పింది ఖాళీ చోటే భయపెడుతుందని. ఇంకొకటి, దశలవారీగా కట్టే సముదాయాల్లో తోట ఎప్పుడూ చివరి దశలోనే ఉంటుంది, ఆ చివరి దశ ఏళ్ల తరబడి రాదు. లండన్ కింగ్స్ క్రాస్‌లో 67 ఎకరాల్లో 26 ఎకరాలు ఖాళీ స్థలంగా వదిలి, చుట్టూ ఇంకా చాలా భవనాలు లేవకముందే 2012లో గ్రానరీ స్క్వేర్‌ను తెరిచేశారు. తోట, నడక దారి పూర్తికాకుండా మొదటి టవరుకైనా, జనం చేరొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకండి. మీ చేతిలో ఉన్న బలమైన కాగితం అదే, ఇచ్చేశాక మళ్లీ చేతికి రాదు.

తెరిచి ఉంచే వేళలు కూడా రాయించండి. న్యూయార్క్ జుకాటి పార్కులో 2011లో నిరసనకారులు రాత్రుళ్లు ఉండగలిగారంటే, ప్రైవేటు స్థలమైనా 24 గంటలూ తెరిచి ఉంచాలన్న షరతు దాని అనుమతిలో ఉండటం ఒక కారణం. నిరసన సంగతి అలా ఉంచండి. కాగితం మీద ఒక్క వాక్యం నలభై ఏళ్ల తర్వాత కూడా పనిచేసింది, నేను చెప్పేది అంతే. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి దారి మొదట్లో పెట్టించండి, సెక్యూరిటీ మనిషి కూడా చదువుకుంటాడు.

కాబట్టి ఒక్క పటం. నేల మట్టాన్ని మాత్రమే చూపించాలి. బస్టాపు, స్టేషను, పక్క వీధులు ఎక్కడున్నాయో అక్కడి నుంచి గీతలు మొదలవ్వాలి, ప్రహరీ దగ్గర నుంచి కాదు. గీత మీద కార్ల దారి అడ్డం వచ్చిన ప్రతిచోటా గుర్తు ఉండాలి. మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుందో, బెంచీకీ బెంచీకీ దూరం ఎంతో, ఏ తలుపు వీధి వైపు తెరుచుకుంటుందో, ఏ గేటు ఎన్ని గంటలకు మూస్తారో, ఏ చెట్టు కింద ఎంత మట్టి ఉందో అందులో ఉండాలి. ఫైరింజనుకు గీసినంత శ్రద్ధగా గీయమనండి. ఇప్పటికే గడ్డిలో జనం తొక్కి వేసుకున్న కాలిబాటలు ఉంటాయి, కొత్త పటం గీసేవాళ్లు ముందు వెళ్లి వాటిని చూసి రావాలి.

సంతకం పెట్టే ముందు ఒకసారి మీరు కూడా ఆ గీత మీద నడవండి. కట్టడం పూర్తయ్యాక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఇంకోసారి. ఆఫీసు కారు బస్టాపు దగ్గరే ఆపించి, చేతిలో ఒక బరువైన సంచీ పట్టుకొని, వీలైతే మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకొని నడవండి. నన్నూ రమ్మంటే వస్తాను. టేపు నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక పాదచారి